ఆరిపోయిన ఎర్ర లైటు

"ఎర్ర లైటు ఆరిపోయింది మేడం, ఇగ పరేషాన్ లేదు" అని అతను ఫోన్‌లో నవ్వినప్పుడు నా చేతికి చపాతీ పిండి అంటుకుని ఉంది. ఆ నవ్వు వెనక పంపు తిరుగుతున్న హోరు వినిపించింది. నా భయం అక్కడ మొదలైంది.

అప్పట్లో నారాయణగూడలో ఒక చిన్న ఆఫీసులో ఇంజనీరుగా పనిచేసేదాన్ని. ఫ్యాక్టరీలకు కంట్రోల్ ప్యానెళ్లు అమ్మి, అవి మొరాయిస్తే ఫోన్‌లో దారి చెప్పేవాళ్లం. చిక్కడపల్లిలో ఇంటికి చేరాక కూడా ఫోన్లు వదిలేవి కావు. అతను ఊరి బయట సబ్బుల ఫ్యాక్టరీలో ఆపరేటరు. అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి కొన్నేళ్లు ఉద్యోగ పరీక్షలు రాసి, విసిగి అటు వెళ్లినవాడు. ఆ మధ్యాహ్నమే ప్యానెల్‌లో ఎర్ర లైటు వెలిగిందని ఫోన్ చేసి, కనిపిస్తున్న ఎర్రర్ కోడ్ చదివి వినిపించాడు. ట్యాంకు మట్టం చెప్పే తీగ తెగిందని దాని అర్థం. రేపు మనిషిని పంపుతాం, అప్పటిదాకా ఏదీ ముట్టుకోవద్దన్నాను.

మరి తెగిన తీగ అతుక్కోకుండా లైటెలా ఆరింది?

"ఏం చేశారు?"

"ఏం చెయ్యలే మేడం."

"నిజం చెప్పండి."

"సూపర్వైజర్ సార్ రౌండుకొస్తుండు. ఎర్ర లైటు చూస్తే అందరి ముంగట ఇజ్జత్ తీస్తడు. సెట్టింగుల నాలుగు నుంచి ఇరవై అని ఉండె. సున్నా నుంచి ఇరవై చేసిన. గప్‌చుప్ అయింది."

ఆ తీగలో నాలుగు మిల్లీయాంపుల కరెంటు వస్తే ట్యాంకు ఖాళీ అని, ఇరవై వస్తే నిండిందని లెక్క. అసలేమీ రాకపోతే తీగ తెగినట్టు. అప్పుడు ప్యానెల్ ఎర్ర లైటు వెలిగించి పంపును ఆపేస్తుంది. సున్నా నుంచి మొదలుపెట్టమంటే మాత్రం తెగిన తీగ కూడా దానికి ఖాళీ ట్యాంకే. ఖాళీ అనుకుంటే నింపుతూనే ఉంటుంది.

"ట్యాంకులో ఎంతుంది?"

"సున్నా చూపిస్తుంది. అందుకే పంపు సురువైంది."

అందులో ఉన్నది సబ్బుకు వాడే వేడి కాస్టిక్, పడితే ఒళ్లు కాలిపోతుంది. ప్యానెల్ ట్యాంకు కిందే.

"అది ఖాళీ కాదు! పంపు ఆపి బయటికి వెళ్లండి!"

"గట్ల భయపెట్టకుండ్రి మేడం, జర..."

"ముందు ఆపవయ్యా!"

ఫోన్ తెగిపోయింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. పెనం మీద చపాతీ మాడి పొగలొస్తోంది. వంటింటి గుమ్మంలో పిల్లలిద్దరూ నన్నే చూస్తున్నారు. పొయ్యి ఆపాలని కూడా తోచలేదు. పాపే వచ్చి ఆపింది.

చివరికి అతనే ఫోన్ చేశాడు. గొంతు పీలగా ఉంది. "ఆపిన మేడం. మూత సందుల నుంచి కారుతుంది. నేను నిలబడ్డ జాగల పడ్డది."

"మీ మీద పడిందా?"

"లేదు. బయటున్న." మళ్లీ అతనే, "సార్‌కు చెప్తరా?" అన్నాడు.

"మీరే చెప్పండి. ఇప్పుడే. ఎవరూ అటు పోకూడదు."

"తిడతడు."

"తిట్టనివ్వండి."

మర్నాడు బడికి జడ వేస్తుంటే పాప అడిగింది, "నిన్న ఆ అంకుల్‌ని ఎందుకు తిట్టావు?"

బాబును కూడా దగ్గరికి పిలిచి ఇద్దరికీ చెప్పాను: "ఏదైనా పాడుచేస్తే, అమ్మ అరుస్తుందని దాచొద్దు. నేను అరుస్తాను. అయినా వచ్చి చెప్పండి."