చిన్నమ్మ పట్టిన మసి

పీలమేడులో రబ్బరు బెల్టులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీ పరీక్షశాలలో చాలాకాలం ఒక్కణ్ణే పనిచేశాను. మిల్లులకు పోయే సరుకులోంచి ముక్క కోసి, సాగదీసి, ఎంత బలానికి తెగిందో రాయడం నా ఉద్యోగం. సాయంత్రం అద్దెగదికి పోయేముందు మా చిన్నమ్మ ఇంట్లో ఆగేవాణ్ణి. చుట్టూ తమిళమే వినిపించే ఆ ఊళ్ళో, రోజంతటిలో నేను తెలుగు మాట్లాడేది ఆమెతోనే.

ఆ వీధిలో పుట్టిన ప్రతి బిడ్డకూ కాటుక చిన్నమ్మే పట్టేది. ఆముదపు దీపం మీద రాగి పళ్ళెం బోర్లించి, అంటిన మసిని గీకి తీసేది. పసిపిల్లల కళ్ళకు అది మంచిది కాదని ఆస్పత్రి నర్సు చెప్పినప్పటినుంచి ఆమె గడప తొక్కినవాళ్ళు లేరు. నర్సు మాట సరైనదేనని వీధివాళ్ళకు ధ్రువపరిచింది నేనే.

తప్పు చేశానన్న భావంతో కాబోలు, ఒకనాడు ఆమెను ఓదార్చబోయాను.

"మా రబ్బరుకు గట్టిదనం ఇచ్చే కార్బన్ బ్లాక్ కూడా మసే చిన్నమ్మా. చాలినంత గాలి తగలనీకుండా నూనెను కాల్చి పడతారు. పూర్వం సిరాకూ రంగుకూ దీపపు మసినే వాడేవారు. రెండూ ఒకటే."

చివరి రెండు మాటలు నేను పరీక్షించి చెప్పినవి కావు.

వారం తిరిగేసరికి పౌడరు డబ్బా నిండా మసి నా ముందు పెట్టింది.

"మీ కంపెనీకి ఇయ్యి సామీ. సుమ్మా, ఊరికే కూర్చునేది నాకు చేతకాదు. వాళ్ళకు నచ్చితే రోజూ పడతా."

పచ్చిరబ్బరులో ఆ మసి కలిపి, గంధకంతో ఉడికించి, ముక్క కోసి లాగాను. నలుపుకు వంక పెట్టలేం. కానీ మామూలు ముక్క కంటే చాలా ముందే తెగింది. దీపపు మసి రేణువులు పెద్దవి, రబ్బరును బిగించి పట్టలేవు. పైగా ఆముదపు జిడ్డు.

తెగిన ముక్కను ఆమె చేతికిచ్చాను.

"నలుపు బాగుంది చిన్నమ్మా. బలం చాలలేదు."

"ఆ పొద్దు ఒకటేనంటివే. చూసే చెప్పినావా?"

"చూడలేదు."

"ఊరందరి తప్పులూ పడతావు. నీ నోటికి పరీక్ష పెట్టేవాళ్ళే లేరు," అని నవ్వింది. ముక్కను అటూ ఇటూ తిప్పి చూసింది. "అయితే ఇంక నాకు పని లేదు కద."

"ఒక్క ముక్కతో తేల్చకూడదు. ఇంకోసారి చూస్తాను."

"వద్దు సామీ. తెగింది తెగిందే. నువ్వు మటుకు సాయంత్రం రా."

అయినా మర్నాడు రెండో ముక్క చేశాను. అదీ దాదాపు అక్కడే తెగింది. సాయంత్రం వెళ్ళాను. ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.