నెట్ రాని చోటు రాసిపెట్టిన మనిషి

నిన్న మా షాపులో ఒక కొత్త కారు పైకప్పుకు యాంటెన్నా బిగించి చుట్టూ సిలికాన్ గమ్ము పూస్తుంటే, ఆ పుల్లటి వాసన గుప్పుమంది. కారు తెచ్చినాయన చేతిలో రంగుల కాగితం. దాని మీద "దారి పొడవునా ఆగని ఇంటర్నెట్" అని పెద్ద పెద్ద అక్షరాలు. ఆ మాట చదివితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అది రాసినవాడు ఆ దారిలో ఒక్కసారైనా వెళ్లి చూశాడా? ఈ ప్రశ్న అడగడం నాకు నేర్పింది ఆటోనగర్‌లో కార్లకు కరెంటు పని చేసే మస్తాన్ గారు. ఆయన పోయి ఆరేళ్లయింది.

ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పూర్తిచేసి, పామర్రు నుంచి రోజూ బస్సులో వచ్చి ఆయన షెడ్డులో పనిచేసేదాన్ని. ఆ వీధిలో పనిముట్లు పట్టిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. కొందరు వింతగా చూసేవాళ్లు. ఆయన నా చేతికి మీటరిచ్చి, వాళ్ల బండి దగ్గరికే పంపేవారు. ఆయనకొక అలవాటుండేది. పని పూర్తయ్యాక, ఆ బండిలో ఏది పనిచేయదో ఒక కార్డు మీద రాసి, డ్రైవరుకు కనబడేచోట అతికించేవారు. "ఈ హారన్ వానలో సరిగా మోగదు" అని ఒకదాంట్లో రాశారు. పక్క షెడ్లవాళ్లు పగలబడి నవ్వారు, తన పనికి తానే వంకలు పెట్టుకుంటున్నాడని. "పనిచేసేది బండే చూపిద్దమ్మా. పనిచేయనిది మనం చెప్పకపోతే ఎవరు చెప్తారు?" అనేవారు నాతో.

డేటా కార్డులు కొత్తగా వచ్చిన రోజులవి. కదిలే కార్లో ఇంటర్నెట్ అంటే జనం నోరు తెరుచుకుని వినేవారు. గవర్నర్‌పేటలో ట్రావెల్స్ నడిపే వాసుబాబు తన మూడు కార్లకు ఆ ఏర్పాటు చేయమన్నారు. ముందు సీటు వెనక చిన్న లాప్‌టాప్, దానికి డేటా కార్డు, పైన యాంటెన్నా. బిగించడం రెండు రోజుల్లో అయిపోయింది. మస్తాన్ గారు మాత్రం బండి ఇవ్వలేదు. నన్ను వెనక కూర్చోబెట్టుకుని, చల్లపల్లి దాకా తానే నడిపారు.

"ఉందా?"

"ఉందండీ."

"ఇప్పుడు?"

"పోయిందండీ."

పోయినచోటల్లా బండి ఆపి, దిగి, గుర్తు చూసుకునేవారు. ఒకచోట వంతెన, ఒకచోట రైస్‌మిల్లు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తిరిగాం. తిరుగు దారిలో చల్లపల్లి దాటిన కాసేపటికి ఒక వంతెన దగ్గర పోయిన నెట్, పామర్రు పొలిమేర దాకా మళ్లీ రాలేదు. మూడు కార్లలోనూ సీటు వెనక, లాప్‌టాప్ పక్కన అతికించిన కార్డుల మీద అదే రాశారు: "చల్లపల్లి దాటాక వచ్చే వంతెన నుంచి పామర్రు దాకా నెట్ రాదు. పనుంటే ముందే ఆగి చేసుకోండి."

వాసుబాబు బండి తీసుకోవడానికి శుక్రవారం మధ్యాహ్నం వచ్చారు. మస్తాన్ గారు నమాజుకు వెళ్లారు. కార్డు చూడగానే వాసుబాబు మొహం మాడిపోయింది.

"నెట్ ఉందని నేను బోర్డు పెట్టుకుంటే, లేదని మీరు కార్డు పెడతారా? తీసెయ్ అమ్మాయ్. మస్తాన్‌తో నేను మాట్లాడతాలే."

బ్లేడుతో గీకి తీసేశాను. మూడు కార్లలోవీ తీశాను. పెద్దమనిషి, మాట్లాడతానన్నాడు కదా అనుకున్నాను. ఆయన మాట్లాడలేదు, నేనూ చెప్పలేదు.

నెల తిరక్కుండానే వాసుబాబు ఆ కారుతో సహా షెడ్డు ముందు దిగి, వీధంతా వినబడేలా అరిచారు. వెంట ఒక లెక్చరరమ్మ ఉన్నారు. అవనిగడ్డ నుంచి వస్తూ, ఐదు గంటల్లోగా ఒక ఉద్యోగం ఫారం నెట్‌లో పంపాల్సి ఉండి, ప్రత్యేకంగా ఈ కారే మాట్లాడుకున్నారట. అందులో రాయాల్సిన కాలేజీ అనుమతి నంబరు ఆవిడకు ఆ మధ్యాహ్నమే దొరికింది. ధాన్యం లారీలు అడ్డం పడి, సరిగ్గా ఆ నెట్ రాని దారిలోనే బండి గంటసేపు నిలిచిపోయింది. ఐదు దాటిపోయింది.

"చల్లపల్లిలో నెట్ సెంటరు ముందు నుంచే వచ్చానండి," అన్నారావిడ. "కార్లో ఉందిగా అని ఆగలేదు."

"నీ ఫిట్టింగే దరిద్రం మస్తాన్!" అన్నారు వాసుబాబు.

"కార్డు పెట్టాం కదా బాబూ?"

"ఏం కార్డు? చూసుకో, ఎక్కడుందో!"

ఎంత నిబ్బరంగా అన్నాడా మాట! తలచుకుంటే ఇప్పటికీ పళ్లు పటపటలాడతాయి. మస్తాన్ గారు కార్లోకి వంగి చూశారు. సీటు వెనక గమ్ము చారలున్నాయి. ఒక్కసారి నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను. ఆయన ఆవిడ ముందు నిలబడి చేతులు జోడించారు.

"తప్పు మాదేనమ్మా. కార్డు ఊడిపోకుండా పెట్టాల్సింది."

ఆ మంచితనం మీద కూడా నాకు కోపమే. ఆయన అప్పుడే వాసుబాబు కాలరు పట్టుకుని ఉంటే, నా నోరు పెగిలేదేమో. ఆ తర్వాత వాసుబాబు ఊరంతా చెప్పుకున్నారు, మస్తాన్‌కు చేతకాదని. ట్రావెల్స్ బండ్లు మా షెడ్డు మొహం చూడటం మానేశాయి.

మర్నాడు ఏడుస్తూ చెప్పాను, నేనే తీశానని.

"తెలుసమ్మా. ఊడిపోతే చారలుండవు, గీకితేనే ఉంటాయి. నిన్ననే చెప్తావేమో అని చూశా." చేతిలో మీటరు పక్కన పెట్టి అన్నారు: "ఇది నాకు కాదు పద్మా, ఆవిడకు చెప్పాలి."

గవర్నర్‌పేట వెళ్లి ఆవిడ చిరునామా అడిగాను. కస్టమర్ల వివరాలు బయటివాళ్లకు ఇవ్వం అన్నారు వాసుబాబు. కార్డు దాచిన మనిషికి అప్పుడు నియమాలు గుర్తొచ్చాయి! రెండుసార్లు అవనిగడ్డ వెళ్లి కాలేజీల్లో వాకబు చేశాను. పేరైనా తెలియని మనిషిని ఎవరు చూపిస్తారు? చేతకాని మెకానిక్ వల్ల ఉద్యోగం పోయిందనే ఆవిడ ఈనాటికీ అనుకుంటూ ఉంటారు. అది తలచుకున్నప్పుడు వాసుబాబు మీద కోపం నా మీదికి తిరుగుతుంది.

నా షాపులో కార్డులు లేవు. ఏది పనిచేయదో అల్యూమినియం రేకు మీద చెక్కించి, బండికి నాలుగు రివెట్లతో కొడతాను. బ్లేడుకు అది లొంగదు. నిన్నటి కారాయన దాన్ని చూసి మొహం చిట్లించాడు.

"కొత్త బండి మేడమ్, అందం పోతుంది. ఆ రేకు తీసెయ్యండి."

గమ్ము ఇంకా ఆరలేదు. చేతులు తుడుచుకుని ఆయన వైపు తిరిగాను.

"ఒకసారి తీశానండీ," అన్నాను. "ఇక తీయను."