సువార్తమ్మ అడిగింది ఒకటి

"దేవుడు సమకూరుస్తడు." గోదావరిఖనిలో ఆ క్వార్టర్ల లైనులో ఎవర్ని లేపి అడిగినా చెబుతారు, ఇది సువార్తమ్మ మాట అని. గ్యాస్ అయిపోయినా ఆమె అదే అనేది, కూతురి ఫీజు గడువు దాటినా అదే అనేది. చిత్రమేమిటంటే, ఏదో ఒకటి సమకూరేది కూడా. చాలాసార్లు పక్కింటి లస్మవ్వే సిలిండరు దొర్లించుకుంటూ వచ్చేది. "మీ దేవుడు మా ఇంట్ల సామాన్లే సమకూరుస్తడేందే" అని నవ్వేది. సువార్తమ్మ కూడా నవ్వి ఊరుకునేది.

ఆమె భర్త పోశం ముప్పై మూడేళ్లుగా అండర్‌గ్రౌండ్‌లో పనిచేస్తున్నాడు. అన్నమెంత తిన్నాడో బొగ్గు దుమ్మూ అంతే మింగి ఉంటాడు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. దగ్గు మొదలైందంటే పక్కింట్లో టీవీ సౌండు పెంచుకోవాల్సిందే. వాళ్లకు ఒక్కతే బిడ్డ, సంధ్యారాణి. ముప్పై రెండేళ్లు. బీకాం చదివి, బట్టల షాపులో రోజుకు పది గంటలు నిలబడి చీరలు విప్పుతుంది, కొనేవాళ్లు పెదవి విరిస్తే మళ్లీ మడత పెడుతుంది.

లోకమంతా డాక్టరు బాగున్నావంటే సంతోషిస్తుంది. బొగ్గుబాయి ఊళ్లలో మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అని రాస్తే మిఠాయిలు పంచుతారు. తండ్రి ఇక పనికిరాడని రాస్తేనే ఆయన బదులు బిడ్డకు కంపెనీలో నౌకరి. అదైనా, రిటైర్‌మెంటుకు ఇంకా రెండేళ్ల పైన సర్వీసు ఉండాలి. పోశానికి మిగిలింది రెండేళ్ల రెండు నెలలు. ఈ బోర్డు తప్పితే ఇంకో బోర్డు లేదు. రిటైరైన రోజున క్వార్టరూ ఖాళీ చెయ్యాలి, సంధ్యారాణి చీరలు మడత పెడుతూనే ఉండాలి.

ఇక్కడే సువార్తమ్మకు చిక్కొచ్చి పడింది. ఇన్నేళ్లూ భర్త ఆరోగ్యం కోసమే మోకరించిన మనిషి, ఇప్పుడు దేవుణ్ణి ఏమని అడగాలి?

"మా ఆయనకు రోగముండాలె అని ఎట్ల అడుగుతనే లస్మవ్వా? నోరెట్ల వస్తది?"

"రోగం కొత్తగ ఇయ్యమంటున్నవా ఏంది? ఉన్నదాన్నే కాయితం మీద రాయమను" అంది లస్మవ్వ.

ఆ మాట ఆమె మనసుకు పట్టింది. మూడు శుక్రవారాలు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా ఉపవాసముంది. గొంతెత్తి ప్రార్థన చేసే మనిషి ఆ మూడు రోజులూ నోరు విప్పలేదు. ఎవరైనా వింటారేమోనని లోపల్లోపలే, తప్పు చేస్తున్నదానిలా అడిగింది. ప్రభువా, అన్‌ఫిట్. అంతకు మించి మాటలు రాలేదు.

బోర్డుకు ముందు ఆదివారం చర్చిలో ప్రార్థన మనవులు చెప్పమన్నారు. పాస్టరు కొత్తవాడు. భీమవరం దగ్గర్నుంచి వచ్చి ఐదు నెలలైంది. చేపల చెరువుల సంగతి అడిగితే గంటసేపు చెబుతాడు గానీ బాయి సంగతి బొత్తిగా తెలియదు. మంచివాడు. ఆ మంచితనమే కొంప ముంచింది.

"అయ్యగారూ, మా ఆయన బుధవారం మెడికల్ బోర్డుకు పోతుండు. ప్రార్థన చెయ్యుండ్రి" అని సువార్తమ్మ కూర్చుంది. ఏమని చెయ్యాలో నలుగురిలో ఎలా చెబుతుంది?

పాస్టరు పోశాన్ని ముందుకు పిలిచి, నుదుటికి నూనె రాసి, రెండు చేతులూ తల మీద పెట్టాడు. "ప్రభువా, ఈ బిడ్డ ఊపిరితిత్తుల్ని ముట్టండి! డాక్టర్లే ఆశ్చర్యపోయేలా ఫిట్ అని రాయించండి!"

సంఘమంతా ఆమేన్ అంది. అందులో సగంమంది బాయిలో పనిచేసేవాళ్లే. పాస్టరుకు తెలియదు సరే, వీళ్లకేం రోగం? కళ్లు మూసుకుని కన్నీళ్లు కారుస్తున్న పాస్టరును మధ్యలో ఆపే ధైర్యం ఒక్కడికీ లేకపోయింది. నలభై ఏళ్ల అలవాటు, సువార్తమ్మ నోట కూడా ఆమేన్ వచ్చేసింది.

బోర్డు ఫిట్ అని రాసింది.

పోశం ఇంటికొచ్చి ఆ మాట చెప్పి, కుర్చీలో కూలబడి దగ్గాడు. సంధ్యారాణి కాగితం తీసుకుని చదివింది. చదివి, చున్నీ సర్దుకుని షాపుకు వెళ్లిపోయింది. ఆ రోజు ఆమెకు సెలవు.

తర్వాతి ఆదివారం పాస్టరు ఆనందం పట్టలేకపోయాడు. దేవుడు అద్భుతం చేశాడని, సహోదరి సువార్తమ్మ సాక్ష్యం చెబుతుందని మైకు ఆమె చేతికిచ్చాడు. చప్పట్లు ఆగేదాకా ఆమె తల దించుకునే నిలబడింది.

"అందరికి వందనాలు" అంది. "అయ్యగారూ, మీ మీద నాకు కోపం లేదు. నేను మూడు శుక్రారాలు కడుపు మాడ్చుకొని అడిగింది ఫిట్ కాదు, అన్‌ఫిట్. నా బిడ్డ నౌకరి కోసం అడిగిన."

వెనక వరసలో పోశానికి దగ్గు తెర వచ్చింది. తువ్వాలు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. అది తగ్గేదాకా సువార్తమ్మ మైకు పట్టుకునే ఉంది.

"దేవుడు నా మాట ఇనలే అనుకొని మూడు దినాలు ఏడ్సిన. ఆయన తప్పేం లేదు. నేనొక్కదాన్ని అన్‌ఫిట్ అడిగిన. మీరు నూటయాభై మంది ఫిట్ అడిగిన్రు. అండ్ల నేను గూడ ఆమేన్ అంటిని. ఇగ ఆయన మాత్రం ఎవరి మాట పట్టుకోవాలె?"

పాస్టరు పాట ఎత్తుకోబోయి మానుకున్నాడు.

సోమవారం పొద్దున ఫస్టు షిఫ్టుకు పోశం టోపీ, బూట్లు వేసుకుని బయల్దేరాడు. ఫిట్ అన్న మనిషి లైను చివరికి చేరేలోపు రెండుసార్లు గోడ పట్టుకుని నిలబడ్డాడు. సువార్తమ్మ గుమ్మంలోంచి చూస్తూనే ఉంది. ఎప్పటిలా దేవుణ్ణి పిలవబోయి, ఆయన ఊపిరి కోసం అడగాలో, బిడ్డ బతుకు కోసం అడగాలో తేలక, లోపలికెళ్లి కూతురికి అన్నం డబ్బా సర్దింది.