వచ్చిపోయిందనుకున్న జ్వరం

సౌదీలో ఖమీస్ ముషైత్ కొండల మీది ఊరు. ఇళ్లలో పనికి కొత్తగా వచ్చిన వాళ్లందరూ మొదటి నెలలో మెట్లెక్కుతూ రొప్పుతారు. నేనూ రొప్పాను. అందరికీ తగ్గింది, నాకు మాత్రం రెండేళ్లయినా తగ్గలేదు. ఉతికిన బట్టలు మిద్దె మీదికి తీసుకెళ్లేటప్పుడు మెట్ల మలుపు వచ్చిన ప్రతిసారీ నిలబడేదాన్ని. మేడం కింద నుంచి "యల్లా, యల్లా" అని తొందరపెట్టేది. నేను ఏదో తుడుస్తున్నట్టు గోడ మీద గుడ్డ ఆడించేదాన్ని. అంత శుభ్రమైన గోడ ఆ వీధిలో ఇంకోటి ఉండి ఉండదు.

అది జబ్బని నాకు తోచనే లేదు. మా అమ్మ లెక్కలో నేను జబ్బు పడే మనిషిని కాదు. కడప దగ్గర మా ఊళ్లో పిల్లలమందరం ఒకే గదిలో, ఒకే బొంత కింద పడుకునేవాళ్లం. ఒకరికి గొంతు నొప్పి వస్తే వారం తిరక్కుండా అందరికీ వచ్చేది. అలాంటి ఒక గొంతు నొప్పి తర్వాత నాకు మోకాళ్లు వాచాయి, జ్వరం పట్టుకుంది, చాలా రోజులు మంచం దిగలేదు. అంతకుముందే తట్టు పోసి ఒక బిడ్డను పోగొట్టుకున్న అమ్మ నా పక్కనుంచి కదల్లేదు. ఇసుక వేయించి, మూటగట్టి, మోకాళ్లకు కాపడం పెట్టింది. నేను లేచి నడిచాక ఊరంతా చెప్పుకుంది.

"దీనికి పెద్ద జ్వరమే వచ్చి పోయింది. ఇంగ రాటుదేలిపోయింది, ఏ రోగమూ దీని జోలికి రాదు."

బతుకులో ఆమె గెలిచింది అదొక్కటే.

ఒకరోజు వంటింట్లో కళ్లు తిరిగి పడిపోయాను. ఇంటి యజమాని కఫీలే కారులో ఆసుపత్రికి తీసుకెళ్లాడు. డాక్టరు గుండెకు స్కానింగ్ చేసి అరబ్బీలో ఏదో అడిగితే, మలయాళీ నర్సు హిందీలో నాకు చెప్పింది. చిన్నప్పుడు గొంతు నొప్పి, కీళ్ల వాపు, జ్వరం వచ్చాయా అని. వచ్చాయి, తగ్గిపోయాయి అన్నాను, కాస్త గర్వంగానే. నర్సు నా చెయ్యి పట్టుకుంది. ఆ జ్వరం కీళ్లను వదిలి గుండెలో కవాటాన్ని పట్టుకుందట. ఇన్నేళ్లుగా అది కొంచెం కొంచెంగా ఇరుకైపోయిందట. ఆపరేషన్ కావాలట.

భయం తర్వాత వేసింది. ముందు అమ్మ గుర్తొచ్చి గుండె నీరైపోయింది. ఆ జ్వరం మీద ఆమె గెలవలేదని ఏ నోటితో చెప్పను? కఫీల్ ఇక తిరిగి రాకుండా ఖురూజ్ వీసా కొట్టించాడు. అతణ్ణి తప్పుపట్టను, బరువెత్తలేని పనిమనిషి ఎవరికి కావాలి. టికెట్టు చేతికొచ్చాక ఇంటికి ఫోన్ చేశాను.

"అమ్మా, వచ్చేస్తాండా. ఈడ గాలి నాకు పడలా."

అమ్మ మెల్లగా అడిగింది.

"గుండెనా, పాపా?"

నీకెట్లా తెలుసని అడిగాను.

"చిన్నప్పుడు నీకు ఆ జ్వరం వచ్చిన పొద్దే కడప డాక్టరు చెప్పినాడు, గుండె చప్పుడు తేడాగా ఉందని. పెద్దయ్యేదాకా నెలనెలా సూది వేయించమన్నాడు. సూదంటే నువ్వు ఏడుస్తాంటివి. లేసి ఎగురుతా తిరుగుతాంటే, ఇంగేముందిలే అని మానిపించినా. ఎవురికీ చెప్పలా."

కోపం రావాల్సింది. రాలేదు, ఏడుపొచ్చింది. అది వినపడకుండా ఫోన్ దూరంగా పట్టుకున్నాను. అవతల అమ్మ అడుగుతూనే ఉంది.

"మెట్లెక్కితే ఆయాసం వస్తాందా? పండుకున్నా వస్తాందా? కాళ్లు వాస్తాండాయా?"

ఏ ప్రశ్నకీ ఆమె తడుముకోలేదు. ఇన్నేళ్లూ నన్ను చూసినప్పుడల్లా అమ్మ లోపల వాటినే అడుగుతూ వచ్చిందని నాకప్పుడు అర్థమైంది.