క్వారీ గుంటలో ఐసు దిమ్మ

మొన్నామధ్య నరసరావుపేటలో మా అమ్మాయి ఇంట్లో కూర్చుని ఉండగా, సముద్రంలో తేలే మంచుకొండ ఒకటి ఉన్నట్టుండి తిరగబడే వీడియోను మనవరాలు ఫోనులో చూపించింది. అందరూ వింతపడ్డారు గాని, నేను మాత్రం భయపడి ఫోనును అవతలికి నెట్టేశాను. డెబ్బై దాటినదానికి బొమ్మలో మంచును చూసి భయమేమిటని పిల్లలు నవ్వుతారు. నా వయసువాళ్లు నవ్వరనే ధైర్యంతో ఇది రాస్తున్నాను.

పిడుగురాళ్లలో ఆడపిల్లల బడిలో సైన్సు టీచరుగా చేరిన తొలి ఏడాది అది. సున్నపు బట్టీల పొగా లారీల దుమ్మూ కలిసి, పొద్దున కట్టిన తెల్ల చీర మధ్యాహ్నానికి బూడిదరంగుకు తిరిగేది, అయినా కొత్త ఉద్యోగపు సంబరంలో అదేమీ పట్టేది కాదు. మంచుకొండ పాఠం చెబుతూ గ్లాసులో ఐసుముక్క వేసి చూపించాను. నీళ్లకంటే మంచు కొంచెమే తేలిక, అందుకని తన బరువుకు సరిపడా నీటిని పక్కకు నెట్టేదాకా అది మునుగుతూనే ఉంటుంది, పదింట తొమ్మిది వంతులు మునిగాక గాని తేలి నిలబడదు అన్నాను. వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచి, "ముక్కంటే బుడ్డది, మునిగిద్ది. అంత కొండ ఎట్టా మునిగిద్ది టీచర్?" అంది.

ఆ ప్రశ్నకు పొంగిపోయి, పెద్ద దిమ్మతోనే చూపిద్దామనుకున్నాను. మర్నాడు మా అటెండరు, మేమంతా బాబాయి అని పిలిచే యాభయ్యేళ్ల మనిషి, ఐసు ఫ్యాక్టరీ నుంచి గోనెసంచి చుట్టిన దిమ్మను రిక్షాలో తెచ్చాడు. బడి వెనక రాయి తీయడం మానేసిన క్వారీ గుంటలో వాననీళ్లు నిండి ఉండేవి. పిల్లల్ని గేటు దాటించి అక్కడికి తీసుకెళ్లాను. ఆయన పంచె ఎగగట్టి, అంచునున్న రాతిమెట్టు మీద మోకాలి లోతులో నిలబడి దిమ్మను నీళ్లలోకి జార్చాడు. బొటనవేలి మందాన పైకి తేలి, మిగతాదంతా నీలంగా అడుగున కనబడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

దిమ్మ మెల్లగా లోపలికి జరిగింది. దాన్ని లాగుదామని బాబాయి ఇంకో అడుగు వేశాడు. అక్కడ మెట్టు లేదు.

ఆయనకు ఈత రాదు. తల పైకి రాగానే రెండు చేతులతో దిమ్మను పట్టుకున్నాడు. అది ఆయన్ని మోయదని ఆ క్షణంలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. తన బరువు మోసుకోవడానికే దాదాపుగా మునిగిపోయిన మంచు, ఒక మనిషి బరువు మీద పడితే ఎంతని ఆగుతుంది? పట్టుకోవద్దని అరిస్తే, మరి దేన్ని పట్టుకోమని చెప్పను? దిమ్మ ఒరిగి, మునిగి, చేతుల్లోంచి జారి పక్కన తేలింది. మళ్లీ పట్టుకున్నాడు, మళ్లీ జారింది. మూడోసారి వేళ్లే కనబడ్డాయి.

పక్క క్వారీలో రాయి కొట్టే ఒకామె పరుగెత్తుకొచ్చి, వెనకే వస్తున్న ఇంకొకామెతో "ఏమే, తాడు తేవే!" అని కేకేసి, మెట్టు మీదికి దిగి నీళ్ల మీదికి వాలింది. "చూస్తా నిలబడతావేందమ్మా, నా కాళ్లు పట్టుకో! ఇడిసావంటే నేనూ పోతా!" అని నన్ను కసిరింది. నీళ్లలో కూలబడి ఆ కాళ్లను గుండెకు అదుముకున్నాను. పట్టు జారిపోతుందేమోనన్న ఆ భయం ఈనాటికీ నా చేతుల్లోంచి పోలేదు. తాడు ఆయన చేతికి అందినట్టుంది, బరువు లాగింది, అందరం కలిసి ఆయన్ని గట్టుకు చేర్చాం.

నీళ్లు కక్కి, వణుకుతూ, "ఏందమ్మా అది, అంత దిమ్మ నన్ను మొయ్యలేదే!" అన్నాడు. జవాబు తెలిసి కూడా, నా కొంగుతో ఆయన తల తుడుస్తూ ఉండిపోయాను. హెడ్మిస్ట్రెస్ పిలిచి అడిగితే, ఈత సరదాకు నేనే దిగానమ్మా అని చెప్పి, తప్పు తన మీద వేసుకున్నాడు.

ఆ తర్వాత ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను గాని, ఒక్క క్లాసునూ గేటు దాటించలేదు. ఆ గుంట ఇప్పుడు పూడిపోయింది, మీద ఇళ్లు లేచాయి. ఈ కాలపు టీచర్లకు పిల్లల్ని గేటు దాటించడానికి సవాలక్ష అనుమతులు కావాలట, మంచిదే. నాకైతే ఎవరూ అడ్డు చెప్పలేదు, నా భయమే చెప్పింది. పెళ్లిళ్లలో కలిసే పాత విద్యార్థినులు మీ నోట్సు బాగుండేదండీ అంటారు. నేనెలాంటి టీచరును కావాలనుకున్నానో చూసింది మాత్రం, ఆ గట్టు మీద చప్పట్లు కొట్టిన ఆ ఒక్క క్లాసే.