షబానా చెప్పినట్టే రాయి

స్టోర్ గదిలో పాత కార్బన్ కాగితాల కట్ట విప్పగానే నూనె కలిసిన ఆ నీలి వాసన ముక్కుకు తగిలింది. మెహరున్నీసా మేడమ్ గుర్తొచ్చారు. ఉక్కు నాణ్యత పరీక్షించే ల్యాబ్‌లో ఆమె నా మొదటి అధికారి. ఆదివారాలు గాజువాకలో ఒక కుట్టు సెంటర్ మేడమీద ముస్లిం మహిళల సమావేశం నడిపేవారు. నిఖానామాలో, అంటే పెళ్ళి ఒప్పందపత్రంలో, ఆడపిల్ల తన షరతులు రాయించుకోవచ్చని చెప్పేవారు.

కాగితాలు రాయడానికి మేడమ్ రమ్మంటే మొదటిసారి వెళ్ళినప్పుడు నేను ముస్లిం స్త్రీల సమస్యలు నాలుగు, వాటికి నా పరిష్కారాలు నాలుగు రాసుకెళ్ళాను. రెండోది చదువుతుండగానే మేడమ్ ఆపారు.

"ఇవి ఎవరి దగ్గర విన్నావు బాబూ? మా దగ్గరా, టీవీ దగ్గరా?"

అందరూ నవ్వారు. "కూకోబెట్టండి మేడమ్, పాపం సెమట్లు పట్టేత్తన్నాయి," అంది షబానా అనే నర్సు. ఆ తర్వాత మూడు నెలలు కార్బన్ పెట్టి కాగితాలు నింపిపెట్టడం, వినడం తప్ప నేనేమీ చేయలేదు. వాళ్ళు మేడమ్‌తోనూ వాదించేవారు. ఖురాన్ ఇచ్చిన హక్కునే మగవాళ్ళు దాచారని ఒకామె, చట్టం గట్టిగా లేకపోతే ఏ హక్కూ నిలవదని ఇంకొకామె. నా జాబితాలో ఈ వాదానికి చోటే లేదు.

షబానా పెళ్ళికి నిఖానామా నింపింది నేనే. ల్యాబ్ పత్రాల్లో ఖాళీ గడి ఉంచకూడదు; తర్వాత ఎవరూ ఏదీ చేర్చకుండా అడ్డగీత కొట్టాలి. ఆ అలవాటుతోనే 'ప్రత్యేక షరతులు' గడికీ గీత కొట్టేశాను. పెద్దల ముందు తనే చెప్పి రాయించాలని షబానా దాన్ని ఖాళీగా ఉంచింది. నేను అడగలేదు.

పెళ్ళిరోజు ఆ గీతను ఆమె బాబాయి చూశాడు. "కొట్టీసున్నారు కదా, షరతుల్లేవన్నమాట. ఖాజీగారొచ్చీసారు, కానియ్యండి."

మేడమ్ తిట్టలేదు. "కొత్త ఫారం తియ్యి," అన్నారు.

"గంట పడతాది. పెళ్ళోరు ఎదురు సూత్తన్నారు," అన్నాడు బాబాయి.

"సూడనీ చిచ్చా," అంది షబానా. "నాను కబూల్ అని ఒప్పుకుంటేనే కదా నిఖా!"

నేను కొత్త ఫారం తీశాను. షబానా చెబుతుంటే నేను వాక్యాన్ని చక్కబెట్టబోయాను. "దిద్దకు. షబానా చెప్పినట్టే రాయి," అన్నారు మేడమ్. పెళ్ళయ్యాకా ఉద్యోగం మానను. ఆయన ఇంకో పెళ్ళి చేసుకుంటే తలాక్ తీసుకునే హక్కు నాది. రెండే వాక్యాలు. కాగితం పక్క గదికి వెళ్ళింది. పెళ్ళికొడుకు రెండో వాక్యాన్ని రెండుసార్లు చదివాడట. సంతకం ఉన్న కాగితం తిరిగొచ్చాకే షబానా ముసుగు సర్దుకుని ఖాజీగారిని పిలవమంది.

మేడమ్ రిటైరై భీమిలి వెళ్ళిపోయారు. ఆదివారాలు ఇప్పుడు షబానా నడుపుతోంది. మొన్న తోటి ఇంజినీరొకడు "ఆళ్ళ ఆడోళ్ళకేటి కావాలో మనమే సెప్పాల బావా," అన్నాడు. కుట్టు సెంటర్ అడ్రసు రాసిచ్చాను.

"ఆదివారం మూడింటికి రా. మాట్లాడకుండా కూకుంటే రానిత్తారు."

"నువ్వూ ఎల్తన్నావేటి?"

"మూడేళ్ళయింది బావా. ఇంకా వింటన్నాను."