సి డ్రైవ్‌కి నేను వేసిన తాళం

ఈమధ్య మా ఇంట్లో ఏం జరిగిందో విన్నాక మీరెవరూ నా చేతికి కాలిక్యులేటర్ కూడా ఇవ్వరు. అయినా చెప్తాను. మా ఆవిడ ఎలాగూ ఈ న్యూజిలాండ్‌లో, మా టౌరంగాలో ఉన్న తెలుగువాళ్ళందరికీ చెప్పేసింది. నా నోటితో వింటే కనీసం నా వైపు వాదన కూడా మీకు తెలుస్తుంది.

నేను చేసేది ఐటీ సపోర్ట్. ఆఫీసులో ఎవరి కంప్యూటర్ మొరాయించినా నన్నే పిలుస్తారు. తెలియనివి నొక్కకండి, ఫైళ్ళు డెస్క్‌టాప్ మీదే ఉంచుకోకండి, బ్యాకప్ తీసుకోండి అని అందరికీ నీతులు చెప్పి జీతం తీసుకుంటాను. మా ఆవిడ మాధవి విజయవాడలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసేది. ఇక్కడికొచ్చాక ఆ పని దొరక్క, సీజన్ రాగానే ప్యాక్‌హౌస్‌లో కివీ పళ్ళు డబ్బాల్లో సర్దుతోంది. ఇన్నాళ్ళకి హామిల్టన్‌లోని ఒక ల్యాబ్ వాళ్ళు ఇక్కడి బ్రాంచిలో ఉద్యోగానికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ అన్నారు. కాసేపు స్లైడ్స్ చూపించి తన పని గురించి చెప్పాలట. రోజంతా నిలబడి పళ్ళు సర్దొచ్చి, నడుం పట్టుకుని కూర్చుని చేసుకుంది పాపం ఆ స్లైడ్స్. ఇది పోతే మళ్ళీ కివీ పళ్ళే.

ఇక కోటేశ్వరరావు అంకుల్. పక్క వీధిలో ఉండే మా ఫ్రెండ్ రవి వాళ్ళ మామగారు. గుంటూరు నుంచి విజిటర్ వీసా మీద వచ్చారు. పొద్దున్నే ఆ ఇంట్లో అందరూ పనులకెళ్ళిపోతే ఆయనకి తోచదు. వాకింగ్ పేరుతో మా ఇంటికొచ్చి, కాఫీ తాగి, హాల్లో ఉన్న కంప్యూటర్ ముందు కూర్చుంటారు. పేపర్ చదవడంతో మొదలైంది. తర్వాత జాతకాల సాఫ్ట్‌వేర్ దింపారు. తర్వాత చేపలు ఈదే స్క్రీన్‌సేవర్. ఇంటర్వ్యూకి ముందు వారం డెస్క్‌టాప్ మీద ఉన్నవన్నీ ఒక ఫోల్డర్‌లో పడేసి, ఆ ఫోల్డర్ ఎక్కడ పెట్టారో మర్చిపోయారు. "చిందరవందరగా ఉంటే సర్దాను బాబూ" అన్నారు. మాధవి స్లైడ్స్ దొరికేసరికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

"ఇంటర్వ్యూ రోజు మాత్రం ఆయన్ని రావద్దని చెప్పండి" అంది మాధవి.

"పెద్దాయనకి ఎలా చెప్తాం?"

"పోనీ ఆయనకి వేరే అకౌంట్ పెట్టండి. మీ ఆఫీసులో అందరికీ అదేగా చెప్తారు?"

నిజమే, అదే పద్ధతి. కానీ ఇన్నాళ్ళూ మా ఫ్యామిలీ అకౌంట్‌లో దర్జాగా తిరిగిన మనిషికి ఇప్పుడు వేరే అకౌంట్ పెడితే ఎలా ఉంటుంది? భోజనానికి పిలిచి వరండాలో విస్తరి వేసినట్టుంటుంది. నొచ్చుకోరూ? ఆయన నొచ్చుకోకుండా, నేను నోరు తెరవకుండా పని అయిపోయే ఉపాయం ఒకటి ఆలోచించాను. మొహమాటం ఉన్నవాడికి కంప్యూటర్ నాలెడ్జ్ కూడా ఉంటే వచ్చే అనర్థం ఇది.

ఇంటర్వ్యూ రోజు నేను సెలవు పెట్టాను. ఆఫీసు లాప్‌టాప్ ఆఫీసులోనే ఉండిపోయింది. మాధవి చీర కట్టుకోవాలా, కోటు వేసుకోవాలా అని గదిలో తేల్చుకుంటోంది. నేను నా అడ్మిన్ అకౌంట్‌తో లాగిన్ అయి, అన్నీ ఉండే సి డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి, ఎవరు ఏది తెరవచ్చో చెప్పే పర్మిషన్స్ తెరిచాను. అక్కడ 'యూజర్స్' అని ఒక గుంపు ఉంటుంది. దానికి ఎదురుగా 'డినై', అంటే రానివ్వకు అని ఒక గడి. టిక్ పెట్టాను. లోపలున్న ఫోల్డర్లన్నిటికీ ఇదే రూలా అని అడిగింది. అవునన్నాను. నా లెక్క ఏమిటంటే, అంకుల్ వచ్చి మా ఫ్యామిలీ అకౌంట్‌లో ఏది నొక్కినా తెరుచుకోదు. ఆయనే విసుగొచ్చి లేస్తారు. ఇంటర్వ్యూ టైముకి నేను మళ్ళీ టిక్ తీసేస్తాను. ఎవరికీ మాట రాదు.

ఇది చాలా ప్రమాదం, నిజంగా చేయమంటావా అని కంప్యూటర్ మర్యాదగానే అడిగింది. ఎస్ అన్నాను. మధ్యలో ఫలానా ఫైల్ దగ్గర ఎర్రర్ వచ్చింది, కొనసాగించనా అంది. కంటిన్యూ. ఇంకో ఫైల్ దగ్గర ఎర్రర్. కంటిన్యూ. ఆఫీసులో ఎవరైనా ఇలా కంటిన్యూ కొడుతూ పోతే వాళ్ళ మౌస్ లాక్కునేవాణ్ణి.

నేను మర్చిపోయింది ఒక్కటే. విండోస్ లెక్కలో అడ్మిన్ కూడా ముందు యూజరే, తర్వాతే అడ్మిన్. అంటే నేను ఇంటికి తాళం వేసి, తాళంచెవి లోపల పెట్టి, నేను బయట నిలబడ్డాను.

సంగతి నాకింకా తెలియదు. ఇంతలో కాలింగ్ బెల్ మోగింది. అంకులే. మఫ్లర్ చుట్టుకుని, చేతిలో స్టీలు డబ్బాతో గుమ్మంలోనే నిలబడ్డారు.

"చక్కెర పొంగలి అమ్మాయ్. నీ ఇంటర్వ్యూ అని పొద్దున్నే లేచి దేవుడికి పెట్టాను. లోపలికి రానులే, కంప్యూటర్ జోలికి అసలే రాను. ఇవాళ నీ పని నువ్వు చూసుకో" అన్నారు, గదిలోంచి తొంగిచూసిన మాధవితో.

నాకు సిగ్గేసింది. ఎంత మంచి మనిషి మీద ఎంత నీచమైన కుట్ర చేశాను అనిపించింది. బలవంతంగా లోపలికి తీసుకొచ్చి కుర్చీ వేసి, ఆ పాపం వెంటనే కడిగేసుకుందామని కంప్యూటర్ దగ్గరికెళ్ళాను. సి డ్రైవ్ నొక్కితే యాక్సెస్ డినైడ్. సెట్టింగ్స్ నొక్కాను, డినైడ్. స్టార్ట్ మెనూ పైకే రాలేదు. రీస్టార్ట్ చేస్తే స్క్రీనంతా నల్లగా అయిపోయి, మధ్యలో మౌస్ బాణం ఒక్కటే మిగిలింది. మాధవి స్లైడ్స్ దాన్లోనే ఉన్నాయి, నేను బ్యాకప్ తీయలేదు.

"అయిందా?" అంటూ మాధవి వచ్చింది. పైన కోటు, కింద ఇంట్లో వేసుకునే లుంగీ లాంటి పైజమా.

"ఒక్క ఐదు నిమిషాలు."

ఆఫీసులో ఆ మాట విన్నవాళ్ళు లేచి టీకి వెళ్ళిపోతారు. అది ఐదు నిమిషాల్లో అయ్యే పని కాదని వాళ్ళకీ తెలుసు. మాధవికి ఇంకా బాగా తెలుసు.

"ఏం చేశారు మీరు?"

అంకుల్ అక్కడే ఉన్నారు కాబట్టి పూర్తిగా చెప్పలేను. "తాళం పడింది" అన్నాను.

తను అరవలేదు. అరిచినా బాగుండేది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అంతే. తర్వాత కోటు చేతులు పైకి మడిచి వంటింట్లోకి వెళ్ళింది. ఉగాది పార్టీకి తెచ్చి మిగిలిపోయిన తెల్ల పేపర్ ప్లేట్లు, స్కెచ్ పెన్ను పట్టుకొచ్చింది. గబగబా ఒక్కో ప్లేటు మీద ఒక్కో స్లైడ్ గీసింది. గుండ్రటి ప్లేటు మీద, ముక్కలుగా గీసే 'పై' చార్ట్ మాత్రం కంప్యూటర్‌లో కన్నా బాగా కుదిరింది.

"అంకుల్, మీరు ఇవి పట్టుకుంటారా?"

"మరి మీ ఆయన?"

"ఆయన్ని ఏదీ ముట్టుకోనివ్వను అంకుల్."

ఫోన్‌ని ఆవకాయ జాడీకి ఆనించి కాల్ కలిపాం. అవతల తెల్లజుట్టు పెద్దావిడ, పక్కన ఒకతను. స్లైడ్స్ ఎక్కడని అడిగితే మాధవి సైగ చేసింది. అంకుల్ మొదటి ప్లేటు గుండెలకానించి నిలబడ్డారు, బళ్ళో బహుమతి అందుకున్నంత గంభీరంగా. మాధవి "నెక్స్ట్ ప్లేట్ ప్లీజ్" అన్నప్పుడల్లా పాత ప్లేటు కింద పెట్టి కొత్తది ఎత్తారు. నేను పొంగలి డబ్బా పట్టుకుని మూల నిలబడ్డాను. నాకిచ్చిన పని అదొక్కటే.

చివర్లో ఆ పెద్దావిడ, ల్యాబ్‌లో మెషిన్ హఠాత్తుగా ఆగిపోతే ఏం చేస్తావని అడిగింది.

"ముందు మా ఆయన్ని దూరంగా పంపుతాను" అంది మాధవి. వాళ్ళిద్దరూ కళ్ళద్దాలు తీసి తుడుచుకునేంతగా నవ్వారు. ఆ తర్వాత విజయవాడలో మెషిన్ చెడిపోయిన రోజు మైక్రోస్కోప్ ముందు కూర్చుని రిపోర్టులు ఎలా ఇచ్చిందో చెప్పింది. ఒక్క స్లైడ్ లేకుండా, తడబడకుండా. ఇన్నాళ్ళూ కివీ పళ్ళ మధ్య ఈ మనిషి ఎక్కడ దాక్కుందా అని నేను నోరు తెరుచుకుని విన్నాను.

ఉద్యోగం వచ్చింది. సి డ్రైవ్ కూడా బాగైంది. దాన్ని బాగుచేసింది మాత్రం నేను కాదు, మా ఆఫీసులో నా జూనియర్.

నిన్న పొద్దున అంకుల్ కాఫీ తాగుతూ అడిగారు. "ఇంతకీ ఆ రోజు కంప్యూటర్‌కి ఏమైంది బాబూ?"

నిజం చెప్పడానికి మళ్ళీ మొహమాటం. "ఏదో వైరస్ అంకుల్" అన్నాను.

"అయ్యో. పోయిందా మరి?"

వంటింట్లోంచి మాధవి సమాధానం చెప్పింది. "లేదంకుల్, పోలేదు. రోజూ టిఫిన్ బాక్స్ కట్టి ఆఫీసుకి పంపిస్తున్నా."